తిరుపాలు పాదంలో నాడి

దాదావలి అబద్ధం ఆడలేదు. అతన్ని పీక్కుతింటున్నది అదే. అబద్ధమాడి ఉంటే ఉస్తాద్ కాళ్ల మీద పడి, నాలుగు రోజులు ఏడ్చి, లేచి తన పని తాను చూసుకునేవాడు. తిరుపాలు పాదంలో నాడి ఉందని అతను రెండు రోజులు చెప్పాడు. ఉంది కాబట్టే చెప్పాడు. పూటపూటా తన చేత్తో పట్టి చూశాడు. మూడో రోజుకు ఆ పాదం నల్లబడింది. ఏడో రోజున ఆసుపత్రిలో మోకాలి కింద కోసేశారు.

నాడి ఆడుతున్న కాలు ఎట్లా చచ్చిపోతుంది?

కనుమ దారి మొదట్లో, ఊరికి అరమైలు ఎడంగా ఒక తకియా ఉండేది. దారిన పోయే ఫకీర్లు దిగే చోటు. రెండు గదులు, ముందొక రేకుల పంచ. ఆ పంచలో పీరాన్ ఉస్తాద్ ముప్ఫై ఏళ్లుగా విరిగిన ఎముకలకు కట్లు కట్టేవాడు. చెట్టు మీంచి పడ్డవాళ్లు, బండి కింద పడ్డవాళ్లు, గేదె తన్నినవాళ్లు, అందరూ ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయన పెద్దగా మాట్లాడేవాడు కాదు. వచ్చినవాళ్లు అరుస్తుంటారు కాబట్టి ఆయన మాట్లాడినా వినిపించేది కాదు.

ముందు వేళ్లతో తడిమి ఎముకను దారికి తెచ్చేవాడు. పసరు పూసి, చుట్టూ వెదురు దబ్బలు పేర్చి, గుడ్డు తెల్లసొనలో మినప్పిండి కలిపి, దాంట్లో తడిపిన గుడ్డ చుట్టేవాడు. ఆరితే ఆ గుడ్డ చెక్కలా అయిపోతుంది. ఎముకను నిలబెట్టేది ఆ బిగువే, ప్రాణం మీదికి తెచ్చేదీ ఆ బిగువే. కట్టు ఆరేకొద్దీ లోపలికి బిగుస్తుంది. దెబ్బతిన్న కాలు వాచి బయటికి పొంగుతుంది. మధ్యలో నలిగిపోయేది రక్తం.

అందుకని ఆ తకియాలో ఒక కట్టడి ఉండేది. కట్టు కట్టిన వెంటనే పాదం మీద, బొటనవేలికీ పక్కవేలికీ పైనున్న సందులో, నాడి చూడాలి. ఆ తర్వాత రోజూ అయిదు నమాజుల వేళా చూడాలి. నాడి దొరక్కపోతే ఆలోచించకూడదు, ఎవర్నీ అడగకూడదు. కత్తి తీసుకుని కట్టును నిలువునా చీల్చెయ్యాలి. ఎముక వంకరపోతే పోనీ. వంకర కాలితో మనిషి నడుస్తాడు.

ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన కొత్తలో దాదావలి దీన్ని అనుమానించాడు. పాదం వెచ్చగా ఉంటే, రంగు బాగుంటే లోపల రక్తం ఉన్నట్టే కదా, ఈ టకటక కోసం పనిగట్టుకుని వెతకడం దేనికని అడిగాడు. ఉస్తాద్ అతన్ని పక్క చేలో ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల తోలుతున్న రైతు దగ్గరికి తీసుకుపోయి చివరి మిరప మడి దగ్గర నిలబెట్టి వచ్చాడు. ఎద్దులు దిగినప్పుడల్లా తోలు బాన బావిలోంచి పైకొచ్చి కుమ్మరించేది. నీళ్లు కాలవలో ఒక్క ఊపున పరుగెత్తుకొచ్చి చివరి మడిని తాకి ఆగేవి. మళ్లీ బాన, మళ్లీ ఊపు. మర్నాడు పొద్దున ఆ బాన చినిగింది. రైతు కుట్టుకునేదాకా చినిగిన దానితోనే తోలాడు. నీళ్లు ఊపు లేకుండా సన్నగా, ఎడతెగకుండా కారాయి. మొదటి నాలుగు మళ్లే తాగేశాయి. చివరి మడి దగ్గర దాదావలి మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడ్డాడు. అక్కడికి ఒక్క చుక్క రాలేదు.

ఆ తర్వాత అతను మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు.

అతనికి వచ్చిన చిక్కు వేరు. తకియాకు రాకముందు పదేళ్లు బండల గనిలో పనిచేశాడు. సుత్తి, ఉలి పట్టి వేలికొసలు చెప్పు అట్టలా తయారయ్యాయి. మూడు వేళ్లు ఆనించి చూడాలని, మూసిన కనురెప్ప మీద పెట్టినంత తేలిగ్గా పెట్టాలని ఉస్తాద్ చెప్పాడు. దాదావలి వేళ్లకు ఏమీ తెలిసేది కాదు. ఆరు నెలలు ఎన్నో పాదాలు తడిమాడు. గోడ తడిమినట్టే ఉండేది. ఉస్తాద్ ఓపికగా ఊరుకునేవాడు. పంచలో కూర్చున్న రోగులు ఊరుకునేవాళ్లు కాదు. పోగొట్టుకున్న పావలా వెతుకుతున్నావా అన్నా అని నవ్వేవాళ్లు.

ఒకరోజు విసుగెత్తి బొటనవేలితో గట్టిగా నొక్కాడు. నాడి దొరికింది. టక్, టక్, టక్. తలుపు కొట్టినంత స్పష్టంగా దొరికింది.

అప్పట్నించీ అతనికి ఎప్పుడూ తప్పలేదు. వేలు పెడితే చాలు, నాడి పలికేది. ఉస్తాద్ కళ్లకు పొర కమ్మింది, పాదం ఆయనకు తెల్లటి మసకగా కనిపించేది. ఉందా అని అడిగేవాడు. ఉందని దాదావలి చెప్పేవాడు. ఆయన మళ్లీ తన మూడు వేళ్లతో చూసేవాడు, ఉండేది. ఒకసారి బాగా వాచిన ముసలామె పాదం మీద ఉస్తాద్ చాలాసేపు వెతుకుతుంటే దాదావలి పక్కనించి వేలు పెట్టి, ఇదిగో అన్నాడు. పంచలో ఉన్నవాళ్లు శిష్యుడు గురువును మించాడని మెచ్చుకున్నారు. ఉస్తాద్ కూడా నవ్వాడు. ఏడేళ్లలో కట్టు చీల్చాల్సి వచ్చింది రెండు మూడుసార్లు. ఆ రెండు మూడుసార్లూ ముందుగా పాదం పట్టి చూసింది ఉస్తాదే.

ఆ ఏడాది ఉస్తాద్ తన పీరు గారి దర్గాలో ఉరుసుకు పోతూ, మొదటిసారి, తకియాను దాదావలికి అప్పజెప్పి వెళ్లాడు. మూడో రోజు మధ్యాహ్నానికి వచ్చేస్తానన్నాడు. ఆయన బస్సెక్కిన గంటకు తిరుపాలును మంచం మీద మోసుకొచ్చారు.

తిరుపాలు ఈత చెట్లు గీసేవాడు. మోకు తెగి పడ్డాడు. మోకాలి కింద ముంగాలి ఎముక రెండుచోట్ల విరిగింది. ముప్ఫై ఏళ్లుంటాయి, ఎండిన కట్టెలాంటి మనిషి, నోరు మాత్రం ఊరుకోదు. నొప్పితో చెమటలు కారుతున్నా, చెట్టెక్కడం తన పని, దించడం చెట్టు పని, ఈరోజు దాని పని అది తొందరగా చేసిందని చెప్పి మోసుకొచ్చినవాళ్లను నవ్వించాడు. భార్య ఓబులమ్మ నవ్వలేదు. దాదావలిని పక్కకు పిలిచి, ముసలాయన లేడా అని అడిగింది. లేడని చెబితే, ఆయన వచ్చేదాకా ఉండొచ్చా అంది. ఆ మాట దాదావలికి గుచ్చుకుంది. ఎముక అంతసేపు ఆగదని చెప్పి పనిలో దిగాడు.

కట్టు బాగా కుదిరింది. ఇంత నేరుగా, ఇంత బిగువుగా తాను ఎప్పుడూ కట్టలేదని అతనికే తెలిసింది. మళ్లీ చెట్టెక్కాల్సిన కాలు. వంకర ఉండకూడదని పంతం పట్టాడు. కట్టాక పాదం మీద బొటనవేలు పెట్టి చూశాడు. నాడి ఉంది.

ఆ రాత్రంతా తిరుపాలు మూలుగుతూనే ఉన్నాడు. తెల్లారేసరికి ఎకసెక్కాలు ఆగిపోయాయి. విరిగిన చోట కాదు, పిక్కంతా లోపల్నించి ఎవరో మెలిపెడుతున్నట్టుందని చెప్పాడు. దాదావలి ఫజర్ నమాజు చేసుకుని వచ్చి చూశాడు. నాడి ఉంది. మధ్యాహ్నం చూశాడు. ఉంది. ఓబులమ్మ భర్త వేళ్లను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది.

"అన్నా, వేళ్లు సల్లగా ఉండాయి."

"కట్టు తడిగా ఉంది కదమ్మా, అందుకే."

"ఈ కాలు సల్లగా ఉంది, ఆ కాలు ఎచ్చగా ఉంది. కట్టు కొంచెం వదులు సెయ్యి."

వదులు చేస్తే ఎముక జారుతుందని, జన్మలో మళ్లీ చెట్టెక్కలేడని చెప్పాడు. ఆమె వినలేదు. ఈసారి గొంతు పెంచింది. పంచలో మరో నలుగురు రోగులున్నారు, వాళ్లంతా ఇటే చూస్తున్నారు. దాదావలి వంగి, అందరికీ కనపడేట్టు పాదం మీద బొటనవేలు నొక్కిపెట్టాడు.

"నాడి ఆడతాంది. నా చేతికి తగల్తాంది. నీకేం తెలుసని మాట్లాడతావు?"

ఆమె సాయంత్రం ఇంటికి పోయి ఆముదం తెచ్చి వేళ్లకు రాసి రుద్దింది. ఆమె చెయ్యగలిగింది అదొక్కటే. దాదావలి చూసి, కసరుకుని, గిన్నె అవతల పెట్టించాడు. మూడో రోజు తెల్లారి తిరుపాలు తనకు నొప్పి తగ్గిందన్నాడు. పాదం అసలు తెలియడం లేదన్నాడు. దాదావలి మంచి గుర్తు అనుకున్నాడు. వేళ్ల మీద నీలం, పడినప్పుడు కమిలింది అనుకున్నాడు. నాడి చూశాడు. ఉంది.

ఉస్తాద్ మధ్యాహ్నం వచ్చాడు. భుజాన ఉన్న జోలె కూడా దించలేదు. మంచం దగ్గర కూర్చుని పాదం మీద మూడు వేళ్లు ఆనించాడు. అట్లా ఎంతోసేపు లేడు. చెయ్యి వెనక్కి చాపి కత్తి అడిగాడు.

"ఉస్తాద్, నాడి ఉంది. ఇప్పుడే చూసినా."

"కత్తి."

కట్టు చీల్చినప్పుడు కింద కాలు కనపడింది. చూసినవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. ఓబులమ్మ తిప్పుకోలేదు.

బండిలో ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరు కాలు చూసి, ఈ కట్టు కట్టినవాడెవడని అరిచాడు. దాదావలి ముందుకు కదిలేలోపలే ఉస్తాద్, నేనే అన్నాడు. డాక్టరు ఆయన్ని వరండాలో నిలబెట్టి తిట్టాడు. ముసలాయన తలొంచుకుని అన్నీ విన్నాడు. నాలుగు రోజులు మందులతో చూశారు. కుళ్లు పైకి పాకుతుంటే కోసేశారు. మెలకువ వచ్చాక తిరుపాలు దుప్పటి ఎత్తి ఒకసారి చూసుకున్నాడు. దుప్పటి దించి గోడవైపు తిరిగాడు. ఆ తర్వాత అతని చేత ఎవరూ ఒక్క మాట కూడా పలికించలేకపోయారు.

ఆ నాలుగు రోజులూ దాదావలి ఆసుపత్రి వరండాలో కూర్చుని లెక్కలు వేశాడు. నాడి ఉంది, అది నిజం. కాలు చచ్చిపోయింది, అదీ నిజం. రెంటికీ మధ్య ఏదో జరిగి ఉండాలి. పడ్డ చోట ఏ విషప్పురుగో కరిచి ఉంటుందనుకున్నాడు. దైవ నిర్ణయం అనుకున్నాడు. చివరికి ఆముదం దగ్గర ఆగాడు. చూడ్డానికి వచ్చిన, తిరుపాలుతోపాటు చెట్లు గీసే ఈడిగోళ్లతో, ఆమె ఏదో నూనె రాసి రుద్దింది, నేను వద్దంటూనే ఉన్నాను అని చెప్పాడు. ఒకరికి చెప్పాక రెండోవాళ్లకు చెప్పడం తేలికైంది. సాయంత్రానికి తిరుపాలు తల్లి కోడలితో మాట్లాడటం మానేసింది.

ఉస్తాద్ అది విన్నాడు. దాదావలి పక్కన వచ్చి కూర్చున్నాడు.

"ఉస్తాద్, ఖురాన్ మీద ఒట్టు. నాడి ఉండింది."

"నమ్ముతున్నా" అన్నాడాయన.

కొట్టినా బాగుండేదని దాదావలికి అనిపించింది. ఉస్తాద్ చెప్పు విడిచి, తన కాలు ముందుకు చాపి, ఎట్లా చూశావో చూపించమన్నాడు. దాదావలి పాదం మీద బొటనవేలు నొక్కాడు. ఉందా అని అడిగాడాయన. ఉంది ఉస్తాద్, బాగా ఆడతాంది అన్నాడు దాదావలి. ముసలాయన కాసేపు ఆ వేలు తన పాదం మీద అట్లాగే ఉండనిచ్చాడు. తర్వాత కాలు వెనక్కి తీసుకుని చెప్పు తొడుక్కున్నాడు.

కోసిన కాలును ఆసుపత్రి మనిషి తెల్ల గుడ్డలో చుట్టి, తీసుకుపొమ్మని బయట పెట్టాడు. తిరుపాలు తరఫువాళ్లు ముట్టుకోవడానికి జంకారు. ఉస్తాద్ ఓబులమ్మ దగ్గరికి పోయి, నీకు అభ్యంతరం లేకపోతే మేం పాతిపెడతాం తల్లీ అన్నాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. దాదావలి వైపు చూసింది.

"మీరే పాతాల. ఇంకెవురు పాతుతారు?"

తకియా వెనక, ఫకీర్ల సమాధుల పక్కన కొంచెం ఖాళీ నేల ఉంది. దాదావలి గుంట తవ్వాడు. గట్టి నేల, మీద ఎండ. మోకాటి లోతు తవ్వేసరికి పొద్దు వాలింది. ఉస్తాద్ కడవతో నీళ్లు తెచ్చి, కొత్త గుడ్డ ఒకటి చించి పెట్టి, గుంట పక్కన మట్టికుప్ప మీద కూర్చున్నాడు. మూట మీద ఈగలు ముసురుతున్నాయి.

దాదావలి మూట ఎత్తి గుంటలో దించబోయాడు.

"ఉండు" అన్నాడు ఉస్తాద్. "మూట విప్పు. పాదం కడుగు."

ముక్కుకు తుండు కట్టుకుని విప్పాడు. పిక్క నిండా కుళ్లు. వేళ్లు ఎండిన ఖర్జూరాల్లా ఉన్నాయి. పాదం పైభాగం మాత్రం ఇంకా మనిషి పాదంలానే ఉంది. నీళ్లు పోసి కడిగాడు. కొత్త గుడ్డతో తుడిచాడు. చుట్టబోతుంటే ఉస్తాద్ మళ్లీ ఆపాడు.

"నాడి చూడు."

దాదావలి తల ఎత్తాడు. వినపడలేదేమో అనుకుని ముసలాయన ఆ మాట మళ్లీ చెప్పాడు.

"చచ్చిన కాలు ఉస్తాద్ ఇది. కోసేసిన కాలు."

"ఆ రెండు రోజులు ఎట్లా చూశావో అట్లానే చూడు."

ఎదురు చెప్పడం అతనికి అలవాటు లేదు. కాలును ఒడిలో పెట్టుకున్నాడు. అంత బరువుంటుందని అనుకోలేదు. సందులో బొటనవేలు పెట్టాడు. చల్లటి తోలు, కింద ఎముక. ఏమీ లేదు. లేదని చెప్పబోయి, ఎప్పుడూ చేసినట్టే కాస్త గట్టిగా నొక్కాడు.

టక్.

చెయ్యి తీసెయ్యాలనుకున్నాడు. చెయ్యి రాలేదు. టక్, టక్, టక్. తలుపు కొడుతున్నట్టే ఉంది. ఆ రెండు రోజులూ పలికినట్టే, అదే చోట, అదే బలంతో పలికింది. ఇప్పుడు మాత్రం కొంచెం తొందరగా ఆడుతోంది. చూస్తుండగానే ఇంకా తొందరపడింది.

"ఉందా?"

అబద్ధం చెప్పడం దాదావలికి చేతకాదు.

"ఉంది."

"పైకి లెక్కపెట్టు."

అతను లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. గొంతు తనది కానట్టు ఎక్కడో వినపడింది. ఉస్తాద్ మట్టికుప్ప మీంచి జరిగి అతని పక్కకు వచ్చాడు. ఆ కాలు వైపు చూడలేదు, దాన్ని తాకలేదు. దాదావలి ఖాళీగా ఉన్న ఎడమ చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, మణికట్టు మీద మూడు వేళ్లు, కనురెప్ప మీద పెట్టినంత తేలిగ్గా ఆనించాడు. మసక కళ్లు మూసుకున్నాడు.

తన వేళ్ల కింద ఆడేదాన్ని లెక్కపెడుతూ, ఎనిమిది దగ్గర ఆయన కూడా గొంతు కలిపాడు.

తొమ్మిది, అన్నారిద్దరూ. పది. పదకొండు. పన్నెండు. ఒకరు ముందు కాదు, ఒకరు వెనక కాదు. వేగం పెరిగినప్పుడు రెండు గొంతులూ కలిసే పెరిగాయి.

పంతొమ్మిది దగ్గర దాదావలి గొంతు ఆగిపోయింది. ఉస్తాద్ కళ్లు తెరవకుండా, ఆ మణికట్టు వదలకుండా, ఇరవై అన్నాడు. ఇరవై ఒకటి అన్నాడు. ఇరవై రెండు.